నలభై జోడా, జోడు నలభైయా

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో నేను మెయింటెనెన్స్ చూస్తాను. మోటరు కాలితే దాని మీది ప్లేటును ఫోటో తీసి ఫోనులో మెకానిక్‌ల గ్రూపులో పెడతాను. టీ తాగి వచ్చేలోగా ఎవరో ఒకరు లెక్క పంపిస్తారు. ఎన్ని చుట్లు చుట్టాలో, ఏ గేజి తీగ వాడాలో అందులో ఉంటుంది. పంపినాయన ఎవరో నాకు తెలియదు, నేనెవరో ఆయనకు తెలియదు. పని మాత్రం అవుతుంది.

మిల్లులో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు అడుగుతుంటారు. "నెట్టు లేనప్పుడు ఇయ్యన్ని ఎట్ల తెలుసుకునేటోళ్లు సార్?"

"అడిగి తెలుసుకునేవాళ్లం" అంటాను. అది సగం జవాబే. ఎవరిని అడగాలో తెలుసుకోవడానికి ముందు ఇంకొకరిని అడగాలి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు గుర్తుపెట్టుకుని రావాలి. ఈ రెండో పని తేలిక అని పదిహేడేళ్ల వయసులో నేను అనుకున్నాను.

పెన్‌పహాడ్ దగ్గర మా ఊళ్లో ఏ సమాచారం ఎక్కడ దొరుకుతుందో నా దగ్గర ఒక జాబితా ఉండేది. నోటుబుక్కు చివరి పేజీలో నిజంగానే రాసి పెట్టుకున్నాను. సూర్యాపేట బస్సుల టైములు కిరాణా షాపు తలుపు మీద సుద్దముక్కతో ఉండేవి. పరీక్షా ఫలితాలు పేపర్లో వచ్చేవి. మా ఊరికి పేపరు పది గంటల తర్వాతే వస్తుంది కాబట్టి, ఆగలేనివాళ్లు పొద్దున్నే సూర్యాపేట పోయేవాళ్లు. సూర్యాపేటలో డాక్టరు ఉన్నాడో లేడో దవాఖాన ముందు స్కూటరును బట్టి తెలిసేది. కరెంటు ఎప్పుడు వస్తుందో సబ్‌స్టేషన్ పక్కింటి వాళ్లకు ముందు తెలిసేది, వాళ్లింట్లో పెళ్లి సంబంధాల కంటే ఈ ప్రశ్నకే ఎక్కువమంది వచ్చేవారు.

మా ఇంటికి ఫోను లేదు. అయినా మాకొక ఫోను నంబరు ఉండేది. అది కిరాణా షాపు నంబరు, చివర పీపీ అని రాసుకునేవాళ్లం. ఊళ్లో ముప్పై ఇళ్లకు అదే నంబరు. ఎవరికైనా ఫోనొస్తే షాపాయన దారిన పోయేవాళ్లతో కబురు పెట్టేవాడు. అవతలివాళ్లు పది నిమిషాలాగి మళ్లీ చేసేవారు. మేం పరుగెత్తుకుంటూ పోయేవాళ్లం. సెల్‌ఫోన్లు ఊళ్లో ముగ్గురికి ఉండేవి, కానీ వాటితో మాట్లాడాలంటే ముగ్గురూ వాటర్ ట్యాంకు మెట్లెక్కాల్సిందే.

ఆ ఏడు నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. పరీక్షల ముందు చదువుకోవడానికి సెలవులిస్తే ఇంటికొచ్చాను. యాసంగి వరి పాలు పోసుకుంటున్నది. కంకి బయటికొచ్చి గింజ లోపల పాలు చేరే సమయమది, అప్పుడు నీళ్లాగితే గింజ గట్టిపడక తాలయిపోతుంది. మాకు రెండెకరాలు, ఏడు మళ్లు (అందులో ఒకటి ఎత్తు మీది మెరక మడి), ఒక బావి, బావి మీద ఒక మోటరు. సరిగ్గా అప్పుడే మోటరు కాలింది.

కొత్తది కొనే మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. కిరాయికి తెద్దామంటే అందరి మోటర్లూ అందరి బావుల మీదే ఉన్నాయి. పక్క పొలం వాళ్లు పొద్దున ఒక గంట నీళ్లు వదులుతామన్నారు, అవి కింది మళ్లు తడవడానికే సరిపోయేవి. నాయిన మోటరును ముందు పక్క ఊరి మెకానిక్‌కు ఇచ్చాడు. అతను రెండు రోజులు ఉంచుకుని, కాలిన తీగంతా కోసి తీసి, ఆ రాగి అమ్ముకుని, తన వల్ల కాదని ఖాళీ మోటరు వాపసిచ్చాడు.

మూడో రోజు పొద్దున దాన్ని సూర్యాపేట తీసుకుపోయాం. అక్కడి మెకానిక్ నాయిన వయసువాడు, మా చుట్టుపక్కల ఊళ్లకంతా తెలిసినవాడు. నేను ఆయన్ని కాక అని పిలిచేవాణ్ని. ఆయన మోటరు మూత తీసి లోపలికి చూశాడు. మోటరు లోపల చుట్టూ గాడుల్లాంటి స్లాట్‌లు ఉంటాయి, రాగి తీగల చుట్టలు వాటిలో కూర్చుంటాయి. అవన్నీ ఖాళీగా ఉన్నాయి.

"లెక్క రాసిపెట్టిండా తీసినోడు?"

"లేదన్నా. తీగ అమ్ముకున్నడు" అన్నాడు నాయిన.

"తీగతోని లెక్క గూడ అమ్ముకున్నడు." మోటరు మీది ప్లేటును బొటనవేలితో రుద్దాడు. దాని మీద అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. "ఇది మన దిక్కు మోటరు గాదు. యాడిదిది?"

"మిర్యాలగూడల మిల్లోళ్లు తీసేస్తె కొన్న."

"ఎన్ని చుట్లుండెనో తెలువకుంట నేనేం జెయ్యాలె?"

"అందాజు మీద చుట్టరాదా?"

"చుడ్త. నడుస్తది గూడ. రెండు రోజులు నడుస్తదా, రెండేండ్లు నడుస్తదా అంటె నన్నడగొద్దు. ఎన్ని రోజులాయె నీళ్లు లేక?"

"ఇయ్యాలటికి మూడు."

"ఇంకెన్ని రోజులు ఆగుతది పొలం?"

నాయిన వేళ్ల మీద లెక్కేశాడు. "మెరక మడి ఆగది. కిందియి ఇంకో నాలుగు రోజులు."

"మరి మధ్యల మళ్ల కాలితె?"

మెకానిక్ నా వైపు తిరిగాడు. "ఏం సదువుతున్నవ్ పిల్లగా?"

"ఎలక్ట్రికల్ డిప్లొమా."

"ఇంకేంది మరి. మిర్యాలగూడ పోయి లెక్క పట్టుకరా. ఆ మిల్లుల ఎవడో ఒకడు చుట్టించి ఉంటడు గద."

ఆ మాటతో నాకు బాధ్యతతో పాటు కొంచెం గర్వం కూడా వచ్చింది. మధ్యాహ్నానికల్లా మిర్యాలగూడలో దిగాను. మిల్లు దొరకడం కష్టం కాలేదు. మిల్లు ఫిట్టరు ముసలాయన ఊక కుప్ప పక్కన నీడలో అన్నం తింటున్నాడు. నేను మోటరు గురించి నా పద్ధతిలో చెప్పడం మొదలుపెట్టాను. ఐదు హెచ్‌పీ, మూడు ఫేజులు, ఇరవై నాలుగు స్లాట్‌లు. ఆయన ముద్ద పట్టుకున్న చేయి ఎత్తి ఆపాడు.

"ఆకుపచ్చ రంగుదా?"

"అవును."

"గట్ల చెప్పు మరి. దాన్ని మేం చుట్టలే. కోదాడకు పంపినం. గాడ ఒకాయన ఉన్నడు, ఇసొంటియి ఆయనకే తెలుసు."

"పేరేంది తాతా?"

"పేరు నాకేమెరుక, మెకానిక్ అంటం. బస్టాండుల దిగు, రోడ్డు దాటు, మిర్చి బండి ఉంటది, దానెనక సందుల పో. రేకుల షెడ్డు."

ఇదంతా నోటుబుక్కులో రాసుకున్నాను. మరునాడు పొద్దున్నే కోదాడ పోయాను. బస్టాండులో దిగి రోడ్డు దాటాను. మిర్చి బండి లేదు. రోడ్డు ఈ చివరి నుంచి ఆ చివరి వరకు రెండుసార్లు నడిచాను. ఒక పండ్ల దుకాణం ఆవిడ నన్ను అప్పటికే మూడోసారి చూసి పలకరించింది.

"ఏం బాబూ, ఏం వెతుకుతున్నావు?"

"మిర్చి బండి అండీ."

"పొద్దున ఎనిమిదింటికి మిర్చీలేంటి నాయనా! సాయంత్రం గదా పెట్టేది."

నాకు కావలసింది మిర్చీలు కావని చెప్పాక ఆవిడ నవ్వి, సందు చూపించింది. బండి నిలబెట్టే చోట నేల మీద నూనె మరక ఉంది. దాని పక్క నుంచే రెండుసార్లు పోయాను.

కోదాడ మెకానిక్ షెడ్డులో గోడ నిండా మేకులు, ఒక్కో మేకుకు పాత తీగ చుట్టలు వేలాడుతున్నాయి. వాటిని పారేయడానికి తీరిక దొరకలేదేమో అనుకున్నాను. ఆయన నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, ఏ ఊరని అడిగి, పెన్‌పహాడ్ దగ్గర అనగానే నొచ్చుకున్నాడు.

"దీనికోసం అంత దూరం నుంచి వచ్చావా? ముందు టీ తాగు. ఆకుపచ్చ మోటరేగా? గుర్తుంది. అది మనిషిని విసిగించి చంపుద్ది, కానీ లెక్క సరిగ్గా పడితే ఇక దాని జోలికి పోనక్కర్లేదు."

ఆయన లెక్క చెప్పాడు. నలభై అన్నాడు, జోడు అన్నాడు, ఇరవై ఒకటో నంబరు తీగ అన్నాడు. నేను నోటుబుక్కు తీసేలోగానే, "ఉండు, నేనే రాసిస్తా" అని సిగరెట్ పెట్టె చించి, దాని లోపలి వైపు పెన్సిలుతో రాసిచ్చాడు. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి.

"అర్థమైందా?"

"అయింది."

"మీ మెకానిక్‌కి ఇవ్వు, ఆయనకి అర్థమవుద్ది" అన్నాడు.

ఆ చివరి మాటను నేను పట్టించుకోలేదు. నాకు అర్థమయ్యాక ఇంకొకరికి అర్థం కావలసిన అవసరం ఏముంది?

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని ఆ పెన్సిలు రాతను శుభ్రంగా పట్టికలోకి ఎక్కించాను. చిన్నప్పటి నుంచి బడిలో మాకు రెండు నోట్సులుండేవి, ఒకటి రఫ్, ఒకటి ఫెయిర్. రఫ్‌లో ఏమైనా రాసుకోవచ్చు, సారు చూసేది ఫెయిర్‌నే. ఫెయిర్ రాయడంలో మా బడిలో నన్ను మించినవాడు లేడు. పాలిటెక్నిక్‌లో చేరాక ఆ అలవాటు ఇంకా ముదిరింది.

జోడు అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాను. రెండు తీగలు కలిపి వేయడాన్ని అలా అంటున్నాడని ఊహించాను. అది సరిగ్గానే ఊహించాను. మా పుస్తకంలో లెక్క ఇచ్చేటప్పుడు ముందు స్లాట్‌లో ఉండే మొత్తం తీగలు ఇచ్చి, తర్వాత ఎన్ని కలిపి వేయాలో ఇస్తారు. కాబట్టి నలభై అనేది మొత్తం తీగలు, జతలుగా వేస్తారు కాబట్టి చుట్లు ఇరవై. భాగహారం కూడా వేసి పక్కన చూపించాను. గీతలు గీసి, చుట్లు ఇరవై, తీగలు రెండు, గేజి ఇరవై ఒకటి అని గుండ్రటి అక్షరాలతో రాశాను.

మునగాల దాటాక రఫ్ కాగితాన్ని చించి కిటికీలోంచి వదిలేశాను.

సూర్యాపేట మెకానిక్ నా పట్టికను చూసి మెచ్చుకున్నాడు. "దస్తూరి మంచిగున్నది పిల్లగా. కాలేజిల సారు రాసినట్టున్నది." అవతల నుంచి చూస్తున్న పక్క షాపాయనకు కూడా చూపించాడు. ఆ సాయంత్రం నేను ఊరెళ్లి, రేపు మధ్యాహ్నానికి మోటరు తయారవుతుందని నాయినకు చెప్పాను. మెరక మడిలో నేల అప్పటికే నెర్రెలిచ్చింది. నాయిన ఆ నెర్రెలో వేలు పెట్టి చూసి గట్టు ఎక్కాడు.

ఐదో రోజు పొద్దున నేను షాపుకు పోయేసరికి మెకానిక్ మూడు కాయిళ్లు చుట్టి స్లాట్‌లలో కూర్చోబెట్టాడు. కూర్చోబెట్టి చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తున్నాడు.

"ఇదేందిది పిల్లగా? స్లాట్‌ల సగం జాగ ఖాళీగనె ఉన్నది. ఇంకో మోటరు పట్టేటట్టున్నది ఇండ్ల."

"లెక్క కరెక్టే కాకా. నేను రెండుసార్లు చెక్ చేసిన."

"నువ్ చెక్ జేసినవ్, మోటరు ఒప్పుకుంటలేదు. ఆయన రాసిచ్చిన కాగితమేది?"

"అదే ఇది. ఫెయిర్ రాసిన."

"రఫ్ ఏది?"

నేను చెప్పాను. ఎక్కడ పారేశానో కూడా చెప్పాను, కచ్చితంగా ఉంటుందని. ఆయన నా పట్టికను పక్కన పెట్టాడు.

"సరె, ఆయన నోటితోని ఏమన్నడు? అన్నది అన్నట్టు చెప్పు."

"నలభై అన్నడు. జోడు అన్నడు."

"మేం డబల్ అంటం, వాళ్లు జోడంటరేమో. నలభై జోడు అన్నడా, జోడు నలభై అన్నడా?"

నాకు గుర్తు రాలేదు. అది నిజం. ఆయన టీ ఇచ్చిన గ్లాసు గుర్తుంది, సిగరెట్ పెట్టె రంగు గుర్తుంది, పెన్సిలు పొట్టిగా ఉండటం గుర్తుంది. ఏ మాట ముందు, ఏ మాట వెనక అన్నది మాత్రం గుర్తు లేదు. ఎందుకంటే నేను విన్న మాటలను కాదు, వాటికి నేను చెప్పుకున్న అర్థాన్ని మోసుకొచ్చాను.

తేడా చిన్నది కాదు. నలభై జోడు అంటే, రెండు తీగలు కలిపి పట్టుకుని నలభై చుట్లు చుట్టాలి. స్లాట్‌లో ఎనభై తీగలుంటాయి, నా గేజి సరైనదే, చుట్లు తప్పు. జోడు నలభై అంటే, మొత్తం తీగలే నలభై. చుట్లు ఇరవయ్యే, కానీ అప్పుడు స్లాట్ నిండాలంటే తీగ ఇంకా లావుగా ఉండాలి, అంటే నేను గేజి తప్పు రాసి ఉండాలి. రెండు రకాలుగానూ స్లాట్ నిండుతుంది. ఒక రకంగా చుడితే మోటరు ఏళ్లు నడుస్తుంది, ఇంకో రకంగా చుడితే గంటలో కాలిపోతుంది.

"నా అందాజు నలభై జోడే అంటది" అన్నాడు మెకానిక్. "కని ఈ మోటరు నేనెప్పుడు ఇప్పలే. నీ పొలం మీద నా అందాజు పెట్టలేను."

అప్పుడే నాయిన వచ్చాడు. మోటరును తీసుకుపోవడానికి ఊరి ట్రాలీ ఆటోను కూడా వెంట తెచ్చాడు. మెకానిక్ జరిగింది చెప్పాడు. ఎక్కువా తక్కువా లేకుండా చెప్పాడు. నాయిన నా పట్టికను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ఆయన చదువుకోలేదు.

"అన్నది అన్నట్టు తెస్తె అయిపోవు గద కొడుకా" అన్నాడు. ఆటో ఆయనను వెనక్కి పంపించేశాడు.

"నేను ఇప్పుడే పోయి అడిగొస్త" అన్నాను.

"నువ్ పోవద్దు" అన్నాడు మెకానిక్. "నువ్ పోతె మళ్ల ఫెయిర్ రాసుకొస్తవ్. బస్సుల కాగితం పంపుదం. నువ్ గీడ కూసోని ఆ మూడు కాయిళ్లు ఇప్పు."

పక్క షాపాయన గట్టిగా నవ్వాడు. నాయిన నవ్వలేదు.

మెకానిక్ చెప్తుంటే నేను రాశాను. కాయిలుకు ఎన్ని చుట్లు, స్లాట్‌కు మొత్తం తీగలెన్ని అని విడివిడిగా ప్రశ్నలు వేద్దామని నేననబోతే ఆయన వేలు చూపించాడు. "నేను చెప్పిందే రాయి. నీది ఒక్క అక్షరం కలపకు."

కాగితం మీద ఇలా ఉంది. "సూర్యాపేట నుంచి. నిన్న ఆకుపచ్చ మోటరు కోసం వచ్చిన పిల్లగాడు నువ్విచ్చిన కాగితం పారేసిండు. నలభై జోడా, జోడు నలభైయా? జల్ది చెప్పు. పొలం పాలు పోసుకుంటున్నది, నీళ్లు లేవు."

వాళ్లిద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూడలేదు. ఒకరి పేరు ఒకరికి తెలియదు, ఫోను నంబరు అసలే తెలియదు. బస్టాండులో కోదాడ బస్సు కండక్టరు కాగితం తీసుకుని ఎవరికివ్వాలని అడిగాడు. మిర్చి బండి వెనక సందు అన్నాను.

"బండి ఇప్పుడుండదు గద."

"నేల మీద నూనె మరక ఉంటది అన్నా."

కండక్టరు నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. "గుర్తులు బాగనె చెప్తున్నవ్ గని, ఆ మెకానిక్ నాకెరికె తియ్."

సాయంత్రం వరకు కాయిళ్లు విప్పుతూ కూర్చున్నాను. మెకానిక్ ప్రతి బస్సుకూ నన్ను బస్టాండుకు పంపాడు. నాలుగు గంటల బస్సులో ఏమీ రాలేదు. ఐదున్నరకు పొద్దటి కండక్టరే తిరిగొచ్చాడు. కోదాడ మెకానిక్ ఏదో ఊరికి పనిమీద పోయాడనీ, కాగితం పక్క హోటలతనికి ఇచ్చాననీ చెప్పాడు. ఇదే మాట షాపులో చెప్పాను. మెకానిక్ "సరె" అన్నాడు. ఆ రోజు నేనూ నాయినా ఒకే బస్సులో ఊరికి పోయాం. నాయిన దారంతా ఎవరితోనో వడ్ల ధర గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. నాతో మాట్లాడకుండా ఉండటానికి అలా చేశాడని నాకు తెలుసు.

ఆరో రోజు నేను మొదటి బస్సుకే సూర్యాపేట బస్టాండులో ఉన్నాను. కోదాడ నుంచి వచ్చిన కండక్టరు వేరే ఆయన, దిగుతూనే "పారేసిన పిల్లగాడు ఎవడు?" అని అరిచాడు. బస్సు కోసం నిలబడ్డ వాళ్లందరూ చూస్తుండగా నేను చేయెత్తాను. ఆయన పాత న్యూస్‌పేపరులో చుట్టి పురికొసతో కట్టిన పొట్లం నా చేతిలో పెట్టాడు. బరువుగా ఉంది.

విప్పలేదు. అలాగే తీసుకుపోయి మెకానిక్ ముందు పెట్టాను.

లోపల ఒక కాయిలు ఉంది. కోదాడ షెడ్డు గోడకు మేకులకు వేలాడుతున్నవాటిలో ఒకటి. మోటరును మొదటిసారి విప్పినప్పుడు దాచి పెట్టిన నమూనా. దానికి మేం పంపిన కాగితమే కట్టి ఉంది, వెనక వైపు పెన్సిలు రాత. మెకానిక్ నన్ను చదవమన్నాడు. ఉన్నది ఉన్నట్టు చదివాను.

"నలభై జోడు. నమ్మకం లేకపోతే లెక్క పెట్టుకోండి. కాయిలు తిరిగి పంపక్కర్లేదు. పిల్లాణ్ని తిట్టబాకండి, టీ తాగాక గ్లాసు కడిగి పెట్టాడు."

మెకానిక్ కాయిలు నా ఒళ్లో పడేశాడు. "లెక్కవెట్టు."

ఒక్కో తీగనూ గోటితో వేరు చేస్తూ లెక్కపెట్టాను. ఎనభై. మళ్లీ లెక్కపెట్టాను. ఎనభై. జతలుగా చూస్తే నలభై. ఈసారి దాన్ని ఎక్కడా రాసుకోలేదు.

ఆ తర్వాత పని ఆగలేదు. నేను రెండు తీగలు కలిపి పట్టుకున్నాను, మెకానిక్ చక్రం తిప్పాడు. ప్రతి చుట్టుకూ నేను పైకి చెప్పాలి, తప్పు చెబితే ఆయన చేయి ఆగేది. తీగలు స్లాట్‌లలో వేలు కూడా దూరనంత బిగువుగా కూర్చున్నాయి. మధ్యాహ్నానికి చుట్టడం అయింది, వార్నిష్ పోసి ఎండలో పెట్టాం. ఎండలు అప్పటికే ముదిరాయి కాబట్టి పొలానికి జరిగిన నష్టంలో కొంత ఆ ఎండే తీర్చిందనాలి, సాయంత్రానికల్లా వార్నిష్ ఆరింది.

ఏడో రోజు పొద్దున మోటరు బావి మీద కూర్చుంది. కరెంటు పదింటికి వచ్చింది. నాయిన స్టార్టరు దగ్గర నిలబడి నన్ను పిలిచాడు. "నువ్వెయ్యి."

ఆకుపచ్చ బటన్ నొక్కాను. మోటరు ఒకసారి ఊగి, తర్వాత ఒకే శబ్దంలోకి వచ్చింది. పైపులోంచి ముందు గాలి, తర్వాత బురద, తర్వాత నీళ్లు వచ్చాయి. మోటరు మీద అరచేయి పెట్టి గంటసేపు అక్కడే కూర్చున్నాను. వెచ్చబడింది కానీ వేడెక్కలేదు. గంట దాటింది. అప్పుడు లేచాను.

నాయిన ఒక్కో మడిలోకి దిగి చూస్తున్నాడు. ప్రతి మడిలో నాలుగైదు చోట్ల కంకి వంచి, ఒక గింజను గోటితో నొక్కుతున్నాడు. నేను గట్టు మీద వెనకే నడిచాను. కింది మడిలో నొక్కితే పాలొచ్చాయి. రెండో మడిలో వచ్చాయి. మూడు, నాలుగు, ఐదులో వచ్చాయి. ఆరో మడిలో ఒకచోట రాలేదు, మిగతా చోట్ల వచ్చాయి. మెరక మడిలో నాయిన పది చోట్ల నొక్కాడు. ఎక్కడా రాలేదు. గింజ పొట్టులా నలిగింది.

"ఇది తాలు" అన్నాడు.

"నా వల్లనే గద నాయినా?"

ఆయన చేతులు పంచెకు తుడుచుకున్నాడు. "రెండ్రోజులు పక్కూరోడు పోగొట్టిండు. ఒక్కరోజు నీది. వానికిచ్చింది నేనె గద, అది నాది." అని మడి మొత్తం ఒకసారి చూశాడు. "పశువులకు కోస్తం తియ్. నువ్ ఇంటికి పోయి మీ అమ్మకు చెప్పు, పొద్దటి సంది వాకిట్లనె నిలబడ్డది."

"ఏమని చెప్పాలె?"

"ఆరు మళ్లు నిలబడ్డయ్, మెరక మడి పోయింది అని."

అమ్మ నిజంగానే వాకిట్లో ఉంది. నన్ను చూసి చేట కింద పెట్టింది. "ఆరు మళ్లు నిలబడ్డయ్" అన్నాను. అమ్మ కళ్లు మూసుకుని తెరిచింది. "మెరక మడి పోయింది" అన్నాను.

"పోతె పోయిందిగని, కాళ్లు కడుక్కొని రా" అంది, చేట ఎత్తుకుని లోపలికి పోతూ.